ఇసుక దిబ్బ మీద గచ్చపొద



గచ్చకాయ తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఐదు గచ్చకాయలు గుప్పిట్లో గలగలలాడించి పైకి ఎగరేసినవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలో ఎందరో ఉంటారు. పాత ట్రంకుపెట్టెల్లో, గూళ్లలో, అటక మీది డబ్బాల్లో ఆ బూడిదరంగు కాయలు ఎప్పుడూ నాలుగైదు తగులుతుండేవి. చీరల కొట్లో గచ్చకాయ రంగు అంటే ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఇంత పరిచయం ఉన్నా, ఆ కాయ ఏ చెట్టుకు కాస్తుంది, ఆ చెట్టు ఎక్కడ పెరుగుతుంది అని అడిగితే మాత్రం చెప్పగలిగేవాళ్లు చాలా కొద్దిమంది. పల్లెటూరి పెద్దవాళ్లు కొందరు పొలం కంచెల్లో చూశామంటారు. పిల్లలైతే అది అంగట్లో దొరికే వస్తువనే అనుకుంటున్నారు.

ఈ పూట ఆ మొక్క గురించి మాట్లాడతాను. గచ్చ అనేది చెట్టు కాదు, పూర్తిగా తీగా కాదు. కాండం కొయ్యబారి, పక్కనున్నవాటి మీద ఎగబాకుతూ, ఏడాది పొడవునా పచ్చగా ఉండే ముళ్లపొద. మైదానాల్లో, చిట్టడవుల్లో, పొలం గట్ల మీద కూడా కనిపిస్తుంది గానీ, దాని అసలు నెలవు సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బ. మనం గచ్చకాయలో మెచ్చుకునే గుణాలన్నీ, ఆ గట్టిదనం, ఆ తేలిక, ఆ నునుపు, ఏళ్లు గడిచినా పుచ్చిపోని ఆ మొండితనం, సముద్రం పక్కన బతకడానికి ఆ మొక్క సంపాదించుకున్నవే. పిల్లల చేతికి అది ఆటవస్తువు కావడం తర్వాతి కథ.

మన తీరంలో మనుషుల తాకిడి అంతగా లేని ఇసుక దిబ్బను చూస్తే, మొక్కలు ఒక వరసలో ఉంటాయి. కెరటం తాకే చోటికి దగ్గరగా బాలబంద తీగ నేలకు అంటుకుని పాకుతుంది, ఊదారంగు పూలతో. దాని పక్కనే రావణాసురుడి మీసాలనే ముళ్లగడ్డి. ఆ గడ్డి గుత్తులు ఎండి గాలికి ఇసుకలో దొర్లుకుంటూ పోతుంటే తీరప్రాంతపు పిల్లలు వెంటపడి పరుగెత్తుతారు. ఈ రెండూ ఇసుకను మొదట పట్టుకునేవి. వాటి వెనక, దిబ్బ కాస్త కుదురుకున్న చోట, మొగలి పొదలూ గచ్చ పొదలూ మొదలవుతాయి. ఉప్పుగాలి, మాడ్చే ఎండ, నిలువ ఉండని నీరు, కాలికింద కదిలిపోయే నేల. అక్కడ బతకాలంటే ఏ మొక్కకైనా ప్రత్యేకమైన ఏర్పాట్లు కావాలి.

గచ్చ ఏర్పాటు ముళ్లు. కాండం మీద ముళ్లు, ఆకు ఈనె మీద ముళ్లు, చివరికి కాయ మీద కూడా ముళ్లు. అన్నీ ఒక తీరువి కావు. కాండం మీదవి చాలావరకు సూటిగా పొడుచుకుని ఉంటాయి. ఆకు ఈనె అడుగున ఉన్నవి మాత్రం చిన్న చిన్న కొక్కేల్లా వెనక్కి వంగి ఉంటాయి. పొదలోకి చెయ్యి పెడుతున్నప్పుడు ఏమీ అనిపించదు. వెనక్కి తీసుకోబోయినప్పుడు పట్టుకుంటుంది. చొక్కా చెయ్యి చిక్కుకుంటే లాగకూడదు, చేతిని మళ్లీ ముందుకే పోనిచ్చి ఒక్కొక్క ముల్లూ విడిపించుకోవాలి. పశువులు కాయడానికి వెళ్లేవాళ్లకు ఈ కిటుకు తెలుసు. దోస తీగకో కాకర తీగకో ఉన్నట్టు గచ్చకు నులితీగలు ఉండవు. ఎగబాకడానికి అది వాడుకునేది ఈ కొక్కేలనే. గాలి ఊపినప్పుడల్లా ఒక కొక్కెం పక్క కొమ్మకు తగులుకుంటుంది, అలా పట్టు దొరికించుకుంటూ పైకి పోతుంది. పట్టు దొరక్కపోతే తన కొమ్మల మీద తానే పడి, ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి, గుట్టలా పెరుగుతుంది.

ఆకు పెద్దది. రెండంచెలుగా చీలిన ఆకు. మధ్య ఈనెకు రెండు పక్కలా రెమ్మలు, ఆ రెమ్మలకు మళ్లీ రెండు పక్కలా చిన్న చిన్న ఆకులు. మొత్తం ఒక్క ఆకు మూరెడు పైనే ఉంటుంది. ఆకు మొదలు దగ్గర కాండానికి అంటి, ఆకుల్లాంటివే రెండు చిన్న భాగాలు ఉంటాయి. గచ్చను దాని దగ్గరి బంధువుల నుంచి గుర్తుపట్టడానికి వృక్షశాస్త్రజ్ఞులు చూసేది వాటినే. పసుపు రంగు గింజలు కాసే గచ్చ ఒకటుంది, అది వేరే జాతి. దానికి ఈ ఆకుల్లాంటి భాగాలు ఉండవు.

వానాకాలంలో కొమ్మల చివర్ల పసుపు పూల గెలలు వస్తాయి. చలికాలానికి కాయలు ముదురుతాయి. రెండు మూడు అంగుళాల పొడవున, వెడల్పుగా, ఒళ్లంతా ముళ్లతో ఉండే కాయ అది. ముదిరి ఎండాక అంచు దగ్గర పగిలి నోరు తెరుచుకుంటుంది. లోపల ఒకటో రెండో గింజలు. అప్పుడప్పుడూ మూడు. మనం గచ్చకాయలంటూ ఆడుకునేది ఈ గింజలతోనే. నోరు తెరిచిన కాయ కొమ్మకు అలాగే వేలాడుతూ ఉంటే లోపల గింజలు మెరుస్తూ కనిపిస్తాయి. ఏరుకోవాలంటే కర్రతో కొట్టి రాల్చుకోవడమే పద్ధతి.

ఒక గింజను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. దూరానికి నున్నగా కనిపించినా, దగ్గరగా చూస్తే పైపెంకు మీద వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి. ఒకదాని వెనక ఒకటి, గింజ చుట్టూ వలయాలుగా. ఒక చివర చిన్న మచ్చ ఉంటుంది, కాయలో గింజకు బొడ్డు ఉన్న చోటు అది. పెంకును పగలగొట్టాలంటే రాయి కావాలి. పగిలితే లోపల తెల్లటి పప్పు రెండు బద్దలుగా ఉంటుంది. బాగా ఎండిన గింజలో ఆ బద్దల మధ్య కొంత ఖాళీ, ఆ ఖాళీలో గాలి. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే ఒక్కోసారి లోపల పప్పు కదిలిన చప్పుడు వినిపిస్తుంది.

ఆ కాస్త గాలే ఈ గింజను ప్రపంచం తిప్పింది. ఇంట్లో గచ్చకాయలుంటే ఒక గిన్నెలో నీళ్లు పోసి వేసి చూడండి. చాలావరకు తేలతాయి. ఉప్పునీళ్లలోనైతే ఇంకా సులువుగా తేలతాయి. పెంకు గట్టిది, నీటిచుక్క లోపలికి పోనివ్వదు. లోపల పప్పు నానదు, కుళ్లదు, మొలకెత్తడానికి తొందరపడదు. తుఫాను వచ్చి దిబ్బను కోసేసినప్పుడు ఇసుకలో పడి ఉన్న గింజలు కెరటాల్లో కలుస్తాయి. నెలలూ సంవత్సరాలూ ప్రవాహాల్లో కొట్టుకుపోయి, ఎక్కడో మరో ఒడ్డున ఇసుకలో పడి, అక్కడ ఎండకూ రాపిడికీ పెంకు సన్నబడ్డాక నీరు పీల్చుకుని మొలుస్తాయి. అందుకే ప్రపంచంలో వేడి సముద్రాల ఒడ్డున ఎక్కడికి వెళ్లినా గచ్చ ఉంటుంది. భారతదేశం, శ్రీలంక, ఇండోనేషియా దీవులు, పసిఫిక్ దీవులు, తూర్పు ఆఫ్రికా, కరీబియన్ దీవులు, అమెరికాలో ఫ్లోరిడా. ఎవరూ తీసుకెళ్లి నాటనక్కర్లేకుండానే వెళ్లింది.

వెళ్లి మొలవలేని చోట్లకు కూడా వెళ్లింది. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవులున్నాయి. చలిదేశం. అక్కడి ఒడ్డుకు ఎప్పటినుంచో వింత గింజలు కొట్టుకొస్తుండేవి. ఏ చెట్టువో, ఎక్కడివో ఆ దీవుల్లో ఎవరికీ తెలియదు. హాన్స్ స్లోన్ అనే వైద్యుడు అంతకుముందు జమైకాలో కొంతకాలం ఉండి అక్కడి మొక్కల్ని చూసి వచ్చాడు. ఆర్క్నీలో దొరికిన ఆ గింజల్ని చూసి గుర్తుపట్టాడు. వాటిలో బూడిదరంగుది గచ్చ. ఇవి జమైకా వైపు నుంచి సముద్ర ప్రవాహాల్లో ఇంత దూరం వచ్చాయని 1696లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. అట్లాంటిక్ మహాసముద్రంలో నీరు ఎటు నుంచి ఎటు పోతుందో సరైన పటాలు లేని రోజుల్లో ఒక గింజ ఆ దారి చూపించింది. ఆ స్లోన్ పోగుచేసిన వస్తువులతోనే తర్వాత 1753లో బ్రిటిష్ మ్యూజియం ఏర్పడింది.

స్కాట్లండ్ దీవుల్లో మామూలు జనం ఈ గింజల్ని ఏం చేసుకునేవారో మార్టిన్ మార్టిన్ అనే ఆయన రాశాడు. స్కాట్లండ్ పడమటి దీవుల మీద ఆయన పుస్తకం 1703లో వచ్చింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గింజల్లో తెల్లగా ఉన్నదాన్ని దిష్టి తగలకుండా పిల్లల మెడలో కట్టేవారట. ఎవరైనా చెడు తలపెడితే ఆ గింజ నల్లబడుతుందని వాళ్ల నమ్మకం. ఒక ఇంట్లో ఆవులు పాలకు బదులు రక్తం ఇస్తుంటే, పాలు పితికే గిన్నెలో ఆ గింజ వేస్తే అది ముదురు గోధుమరంగుకు తిరిగి, తర్వాత ఆవులు మంచి పాలు ఇచ్చాయని అక్కడివాళ్లు చెప్పుకున్న ముచ్చట కూడా ఆయన పుస్తకంలో ఉంది. ఆ తెల్ల గింజ గచ్చేనని తర్వాతి పండితులు గుర్తించారు. పిల్లలకు దిష్టి తీసి, గుమ్మానికి గుమ్మడికాయ కట్టే మనకు ఆ తల్లుల భయం అర్థం కానిది కాదు. దిక్కు తెలియని చోటి నుంచి వచ్చి, నీళ్లలో నాని కూడా చెడని గింజ అంటే ఎవరికైనా దాంట్లో ఏదో మహిమ ఉందనే అనిపిస్తుంది.

ఇంత దూరం వచ్చిన గింజలో ప్రాణం ఉంటుందా అన్నది శాస్త్రజ్ఞుల తర్వాతి ప్రశ్న. ఐర్లండ్ పడమటి ఒడ్డున దొరికిన గింజను నాటితే మొలిచిందని, ఆ మొక్క బొమ్మ గీసి ప్రకృతి శాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపితే అది నిస్సందేహంగా గచ్చేనని తేలిందని, రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1818లో రాశాడు. అట్లాంటిక్ దాటి వచ్చాక కూడా లోపలి మొలక బతికే ఉంది. సముద్రాల మీదుగా మొక్కలు ఒక ఖండం నుంచి మరో ఖండానికి ఎలా చేరాయన్న చర్చలో ఇది ఒక గట్టి సాక్ష్యమైంది.

ఈ బ్యాంక్స్ గారికి మన గోదావరి ప్రాంతంతో సంబంధం ఉంది. ఆయన పర్యవేక్షణలోనే 1795 నుంచి కోరమండల్ తీరపు మొక్కల మీద పెద్ద బొమ్మల పుస్తకం లండన్‌లో వెలువడింది. రాసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, తర్వాత సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియం, చెరకు, నీలిమందు మీద ప్రయోగాలు చేశాడు, వాన లెక్కలు రాసిపెట్టాడు, మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. మొక్కల వర్ణన పక్కన తెలుగు పేరు రాసుకోవడం ఆయన అలవాటు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అధికారిగా వెళ్లిపోయాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1832లో, ఆయన రాసిన భారతదేశపు మొక్కల గ్రంథం మూడు సంపుటాలుగా వచ్చింది. సీసాల్పీనియా బొండుక్ అని గచ్చకు శాస్త్రనామం స్థిరపడింది ఆ గ్రంథంతోనే. అంతకుముందు 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దానికి గిలాండినా బొండుక్ అని పేరు పెట్టాడు. ఈ మధ్య, 2016లో, జన్యు పరిశీలనల ఆధారంగా గచ్చ, దాని బంధువుల వర్గీకరణను సర్దినప్పుడు మళ్లీ లిన్నేయస్ పెట్టిన పేరుకే తిప్పారు. సామర్లకోట మీదుగా రైల్లో వెళ్లేవాళ్లు రోజూ వేలమంది ఉంటారు. భారతీయ వృక్షశాస్త్రం ఒక మెట్టు ఎక్కింది ఆ ఊళ్లోనని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఉండాలని నా కోరిక.

ఇక ఆట సంగతి.

గచ్చకాయలాటకు ఐదు కాయలు కావాలి. నేల మీద బాసిపెట్లు వేసుకుని కూర్చుని ఐదూ పరుస్తారు. ఒకటి తీసి పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోపు నేల మీద ఒకటి ఏరి, అదే చేత్తో పై కాయను పట్టాలి. మొదట ఒక్కొక్కటి. తర్వాత రెండేసి. తర్వాత మూడు కలిపి, మిగిలినది విడిగా. ఆఖరికి నాలుగూ ఒక్క ఊపున. ఏరేటప్పుడు పక్క కాయ కదిలితే పందెం పోయినట్టే. ఆ తర్వాత ఐదూ ఎగరేసి అరచేతి వెనక నిలపడం, అక్కడి నుంచి మళ్లీ ఎగరేసి గుప్పిట పట్టడం. ఊరుకో తీరు, ఇంటికో నియమం. తెలంగాణలో కచ్చకాయలంటారు, కొన్నిచోట్ల అచ్చనగాయలంటారు. కాయలు దొరక్కపోతే గులకరాళ్లతో ఆడతారు గానీ, గచ్చకాయతో ఆడిన చేతికి రాయి ఆనదు. దీనికి కారణం ఉంది. గచ్చకాయ బరువు రెండు మూడు గ్రాములే, పైకి వెళ్లి వచ్చినా అరచేతికి దెబ్బ తగలదు. పూర్తి గుండ్రం కాదు కాబట్టి నేల మీద దూరంగా దొర్లిపోదు. పెంకు నునుపు, వేళ్ల సందుల్లో ఇరుక్కోదు. ఎన్ని వేలసార్లు కింద పడినా పగలదు. సముద్రం మీద తేలడానికి పనికొచ్చిన తేలికా, ఉప్పునీటిని ఆపిన గట్టిదనమూ ఇక్కడ ఆడపిల్లల చేతుల్లో ఆటకు పనికొచ్చాయి.

మగపిల్లలకు మరో ఉపయోగం తెలుసు. గచ్చకాయను అరుగు మీద గబగబా అరగదీసి ముందు బెంచీలో కూర్చున్నవాడి మెడకు అంటించడం. చురుక్కుమంటుంది. దాని వెనక శాస్త్రం ఉంది. పెంకు వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు, అరగదీసిన వేడంతా ఆ చిన్నచోటే నిలిచిపోతుంది. అలా అరగదీసిన కాయనే మట్టిలో వేస్తే మొలకెత్తుతుంది. పెంకు పల్చబడిన చోట నీరు లోపలికి దిగుతుంది గనుక.

వామనగుంటలు కూడా చింతగింజలు, గవ్వలతోపాటు గచ్చకాయలతో ఆడతారు. పద్నాలుగు గుంటల పీట మీద గింజలు పంచుకుంటూ పోయే ఆట. ఆఫ్రికా తూర్పు తీరాన, జాంజిబార్‌లో, బావో అనే ఆట ఉంది. పీట మీద నాలుగు వరసల గుంటలు, చేతిలో గింజలు, పంచుకుంటూ పోవడమే. వాళ్లు వాడేదీ గచ్చ గింజలే. ఆఫ్రికా పడమటి తీరం నుంచి బానిసలుగా పట్టుకుపోయిన జనం కరీబియన్ దీవుల్లో వారీ అనే ఆటను కాపాడుకున్నారు. ఆంటిగ్వా దీవిలో ఇప్పటికీ ఆడతారు, అక్కడి గింజలూ ఇవే. ఇంటినీ భాషనూ పోగొట్టుకుని ఓడల్లో తరలిపోయిన ఆ మనుషులకు, కొత్త దీవి ఒడ్డున ఆటకు సరిపోయే గింజ ముళ్లపొదల్లో కాస్తూ కనిపించడం ఎంత ఊరట అయి ఉంటుందో నేను తరచూ ఆలోచిస్తుంటాను.

వైద్యంలో దీని పేరు పాతది. ఆయుర్వేదంలో లతాకరంజం, కుబేరాక్షి అంటారు. సిద్ధవైద్యంలో తమిళులు కళర్చిక్కాయ అంటారు. గింజలోని పప్పు విపరీతమైన చేదు. చలిజ్వరానికి ఆ పప్పును మిరియాలతో నూరి ఇవ్వడం దేశమంతటా ఉన్న వాడుక. వరిబీజానికి ఆకును ఆముదంలో వేయించి కట్టేవారు. మలేరియాతో సైన్యాలూ ఊళ్లూ మంచాన పడ్డ పందొమ్మిదో శతాబ్దంలో క్వినైన్ ఖరీదైన మందు. అందుకే 1868లో ప్రభుత్వం ప్రచురించిన భారతదేశపు అధికారిక ఔషధ గ్రంథంలో గచ్చపప్పుకు చోటు దొరికింది. పప్పు పొడి, మిరియాల పొడి సమానంగా కలిపిన చూర్ణాన్ని క్వినైన్ దొరకని చోట జ్వరానికి వాడమని అందులో ఉంది. మలేరియాను దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చింది 1897లో, అంటే దానికి సుమారు ముప్పై ఏళ్ల తర్వాత. ఈ కాలపు ప్రయోగశాలల్లో కూడా గచ్చ గింజల నుంచి తీసిన కొన్ని చేదు పదార్థాలు మలేరియా క్రిమి మీద కొంత ప్రభావం చూపించాయి. అంతమాత్రాన జ్వరం వస్తే గచ్చపప్పు నూరుకుని మింగమని నేను చెప్పడం లేదు. ఇప్పుడు మలేరియాకు రక్తపరీక్ష ఉంది, నమ్మకమైన మందులున్నాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఈమధ్య ఆడపిల్లలకు నెలసరి సమస్యలకని గచ్చ చూర్ణం విరివిగా అమ్ముతున్నారు. వైద్యుణ్ణి అడగకుండా, ముఖ్యంగా గర్భిణులు, దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం. గచ్చపొద ఒక్క మనుషులకే పనికొచ్చేది కాదు.

ఫ్లోరిడా దక్షిణపు కొసన చిన్న చిన్న దీవులున్నాయి. అక్కడ మయామీ బ్లూ అనే చిన్న నీలిరంగు సీతాకోకచిలుక ఉంది. వేలిగోరంత ఉంటుంది. ఒకప్పుడు ఫ్లోరిడా తీరంలో విరివిగా ఎగిరేది. తీరమంతా భవనాలు లేచి పొదలు పోయాయి. 1992లో ఆండ్రూ హరికేన్ వచ్చాక అది కనిపించకుండా పోయింది, అంతరించిందనే అనుకున్నారు. 1999లో బహియా హోండా అనే చిన్న దీవిలో మళ్లీ కనిపించింది. అక్కడ దాని పురుగులు తింటున్నది గచ్చ లేత చిగుళ్లు, మొగ్గలు. పురుగు ఒంటి నుంచి వచ్చే తీపి రసం కోసం చీమలు దాని చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తాయి. గచ్చ, పురుగు, చీమ, మూడూ కలిసి ఒక కుటుంబం. అయితే పెంపకానికి తెచ్చి వదిలేసిన పెద్ద ఇగువానా తొండలు ఆ దీవిలో పెరిగిపోయి గచ్చ చిగుళ్లను మేసేశాయి. 2010 నాటికి బహియా హోండాలో ఆ సీతాకోకచిలుక లేదు. కీ వెస్ట్ అనే దీవి దాటి ఉన్న మరికొన్ని నిర్జన దీవుల్లో మిగిలింది. 2012లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న ప్రాణిగా ప్రకటించింది. ఇప్పుడు వాటిని ప్రయోగశాలలో పెంచి గచ్చపొదలున్న దీవుల్లో వదులుతున్నారు. ముళ్లచెత్త అని కొట్టిపారేసిన పొద విలువ, దాన్ని నమ్ముకున్న ప్రాణి పోబోయేటప్పుడు గానీ తెలియలేదు.

మన దగ్గర గచ్చను నమ్ముకుని ఏమేం బతుకుతున్నాయో చూసే ఓపిక మనం ఇంకా చూపించాల్సి ఉంది. కనీసం కంటికి కనిపించేవి చెప్పుకుందాం. అంత దట్టమైన ముళ్లలోకి కుక్కా పిల్లీ దూరలేవు. చిన్న పిట్టలు, తొండలు, ముంగిసలు అందులో తలదాచుకుంటాయి. గాలికి ఎగిరివచ్చే ఇసుక ఆ అల్లికకు తగిలి వేగం తగ్గి అక్కడే పడుతుంది. ఇసుక పేరుకున్నకొద్దీ పొద పైకి పెరుగుతుంది, పొద పెరిగినకొద్దీ ఇంకాస్త ఇసుక నిలుస్తుంది. దిబ్బ ఎత్తు అలా పెరుగుతుంది. ఆ దిబ్బ వెనక ఊరుంటుంది, తియ్యటి నీళ్ల బావి ఉంటుంది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనను దివిసీమ మరిచిపోలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు బంగాళాఖాతం ఒడ్డున ఎత్తయిన దిబ్బలు చెదరకుండా ఉన్నచోట నీరు లోపలికి తక్కువగా వచ్చిందని, దిబ్బలను చదును చేసిన చోట్ల ఊళ్లోకి దూసుకొచ్చిందని ఆ తర్వాత చూసినవాళ్లు చెప్పారు. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన ప్రాంతాల జాబితాలో చేర్చడానికి ఒక కారణం ఇదే.

కాగితం మీద రక్షణ ఉంది, నేల మీద దిబ్బలు తరిగిపోతున్నాయి. ఇసుక తవ్వకాలకు కొన్ని, రొయ్యల చెరువులకు కొన్ని, రిసార్టులకు కొన్ని. బీచ్ శుభ్రం చేయడమంటే ప్లాస్టిక్ ఏరడమని అనుకుంటాం. చాలాచోట్ల మొదట జేసీబీ తెచ్చి బాలబంద తీగనూ గచ్చపొదలనూ పెకిలించి నున్నగా చదును చేయడమే శుభ్రమవుతోంది. ఆ చదును చేసిన ఇసుక మొదటి ఈదురుగాలికే రోడ్డు మీదికి వస్తుంది. ఊళ్లలో కూడా గచ్చ కంచెలు పోయాయి. రాతి స్తంభాలు పాతి ఇనప ముళ్లతీగ లాగడం తేలిక కనుక పాత కంచెలు నరికేశారు. ఇనపతీగ తీరప్రాంతపు ఉప్పుగాలికి తుప్పుపడుతుంది. గచ్చ కంచె ఏటా చిక్కబడుతుంది, కత్తిరించకపోతే మరీ ఎక్కువగా. ఆ కత్తిరించే పని ఉందన్నది నిజమే. చేతికి గోతాం చుట్టుకుని, పొడుగు కర్రకు కొడవలి కట్టి, ఏడాదికి ఒకసారి చేసే పని. అడవిపందులు చొరబడే పొలాలకు, మేకలు పడే తోటలకు అంత ఖర్చులేని కంచె మరొకటి లేదు.

పెంచడం కష్టం కాదు. ముదురు గింజ తీసుకుని, బొడ్డుమచ్చ లేని వైపు ఆకురాయితోనో గరుకు బండ మీదో లోపలి తెలుపు కాస్త కనిపించేదాకా అరగదీయండి. ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. గింజ ఉబ్బితే నీరు లోపలికి వెళ్లినట్టే, ఇసుక కలిసిన మట్టిలో అంగుళం లోతున నాటండి. ఉబ్బకపోతే ఇంకాస్త అరగదీసి మళ్లీ నానబెట్టండి. తొలకరికి ముందు సంచుల్లో మొలిపించుకుని వానలు పడగానే కంచె వెంబడి పెడితే నిలదొక్కుకుంటుంది. ఇంటి వాకిట్లో, బడి ఆటస్థలం పక్కన మాత్రం వద్దు, ముళ్లతో పిల్లలకు ప్రమాదం.

తీరప్రాంతపు ఉపాధ్యాయులకు ఒక్క మనవి. మీ బడిపిల్లల్ని ఒక పూట ఊరి ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్లండి. బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు, మొగలి, గచ్చ, ఈ నాలుగింటినీ చూపించండి, ఒక పట్టిక రాయించండి. పంచాయతీ సభ్యులకు మరో మనవి. బీచ్ శుభ్రం చేసే కూలీలకు ప్లాస్టిక్ ఏరమని చెప్పండి, దిబ్బ మీది పొదలపై కత్తి పెట్టవద్దని కూడా చెప్పండి. రైతులు ఈసారి వానలకు ఇనపతీగ కొనేముందు కనీసం ఒక పక్క గట్టు మీద గచ్చ నాటి చూడండి. గింజలు కావాలంటే మీ ఊరి పెద్దవాళ్ల పాత పెట్టెల్లో వెతకండి. పదేళ్ల నాటి కాయ అయినా పెంకు అరగదీస్తే మొలకెత్తే అవకాశం ఉంది.